పడుకొని చూసినవా

నిన్న మధ్యాహ్నం మా మేడ మీద ఆరేసిన దుప్పట్ల మీద బంతిపూల రేకులు రాలాయి. వెంటనే కాలిన కిరోసిన్ వాసన గుప్పుమంది. తలెత్తి చూడకుండానే తెలిసిపోయింది, అది మా కార్ఖానాలో తయారైన హెలికాప్టరే. పక్కింటి లక్ష్మి పిట్టగోడ మీదికి వంగి, "ఎవరో పెద్ద లీడర్ ర్యాలీ అంట అక్కా, మస్తు పూలు సల్లుతున్నరు" అంది సంబరంగా. దుప్పట్లు విసురుగా లాగి దులిపాను. రోగులను మోయడానికి గీసిన హెలికాప్టర్ అది. ఇప్పుడు బంతిపూలు మోస్తోంది. యాదగిరి సార్ ఉంటే ఇదే గౌలిపుర సందులో నిలబడి ఆకాశాన్ని నోటికొచ్చినట్టు తిట్టేవాడు.

మా కార్ఖానాలో హెలికాప్టర్ లోపలి భాగం, అంటే మనుషులు కూర్చునే చోటు, గీయించే విభాగానికి ఆయన పెద్ద. ఈ గౌలిపురలోనే పాలు పోసే ఇంట్లో పుట్టి ఇంజనీర్ అయ్యాడు. ముక్కు మీద కోపం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను స్ట్రెచర్ పెట్టే చోటు గీసి తీసుకెళితే, కాగితం వైపు సరిగ్గా చూడనైనా చూడకుండా అడిగాడు.

"పడుకొని చూసినవా?"

"కొలతలన్నీ సరిగనే ఉన్నయ్ సార్."

"కొలతలు పడుకుంటయా బిడ్డా, మనిషి పడుకుంటడా?"

షెడ్డులో హెలికాప్టరంత చెక్క నమూనా ఒకటి ఉండేది. సీటు గీసినవాళ్ళు అందులో కూర్చోవాలి, స్ట్రెచర్ గీసినవాళ్ళు పడుకోవాలి. అదీ ఆయన పద్ధతి. అందరి ముందూ చున్నీ సర్దుకుంటూ స్ట్రెచర్ మీద పడుకున్నాను. నలుగురు ఎత్తి లోపలికి తోశారు. ఏం కనబడుతోందని బయటి నుంచి కేకేశాడు. నుదుటికి జానెడు దూరంలో ఒక బోల్టు కనబడుతోందని చెప్పాను. "అయితే పేషెంటు ఆ బోల్టును సూస్కుంట సావాల్నా?" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళేదాకా ఆయనను తిట్టుకుంటూనే ఉన్నాను. మర్నాడు పొద్దున్నే ఆ బోల్టును పక్కకు జరిపి గీశాను.

ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఛాయ్ తాగుతూ ఆయనే చెప్పాడు. వాళ్ళమ్మకు తుంటి విరిగితే పై అంతస్తు నుంచి మంచంతో దించబోయారట. ఇరుకు మెట్లు, మలుపులో మంచం తిరగలేదు. నిలువుగా వంచారు. "అమ్మ ఒర్లిన ఒర్లుడు ఇంకా నా చెవులల్లనే ఉన్నది. ఆ మెట్లు కట్టినోడు ఎన్నడన్న వాటి మీదికెల్లి మంచం దింపిండా?" అన్నాడు. అమ్మ బతికిందా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మా హెలికాప్టర్‌కు చిన్న టర్బైన్ ఇంజిన్ ఎంచుకున్నప్పుడు సార్ ముఖం వెలిగిపోయింది. పాత రకం ఇంజిన్ కన్నా అది చాలా తేలిక, బలం ఎక్కువ. అంటే మోయగలిగే బరువులో కొంత మిగిలింది. ఆ మిగులు కోసం ప్రతి విభాగమూ చేయి చాచింది. ఒకరికి ఏసీ పెద్దది కావాలి, ఇంకొకరికి మెత్తటి సీట్లు కావాలి. సార్ అందరితో లొల్లి పెట్టుకొని, ఆ బరువంతా వెనుక తలుపులకు రాయించాడు. తోక కింద రెండు తలుపు రెక్కలు తెరిస్తే చాలు, స్ట్రెచర్ ఏ మాత్రం వంగకుండా నేరుగా లోపలికి పోతుంది. "ఇంజిన్ మిగిల్చిన బరువు పేషెంటుది. ఇంకెవనిది గాదు" అనేవాడు.

తరువాత కొత్త జనరల్ మేనేజర్ వచ్చాడు. కొనేది పెద్దమనుషులు గాని రోగులు కాదు కదా అన్నాడు. వెనుక తలుపులు మూసేసి, అక్కడ తోలు సోఫా వేయించాడు. స్ట్రెచర్ పక్క తలుపులోంచి లోపలికి పోతుందని ప్రకటనల్లో రాయించాడు. ఆ మార్పును ఖాయం చేసే రోజున సార్ బూట్లు విడిచి, అందరూ చూస్తుండగా స్ట్రెచర్ మీద పడుకున్నాడు. "ఎక్కియ్యుండ్రి" అన్నాడు. ఎత్తాం. తలుపు దగ్గర స్ట్రెచర్ తిరగలేదు. వంచాం. తల కిందికి, కాళ్ళు పైకి లేచి, మనిషి జారి భుజం తలుపు అంచుకు కొట్టుకుంది. ఆ తలకిందుల స్థితిలోనే అడిగాడు, "మీ అమ్మను గిట్లనే ఎక్కిస్తరా సార్?"

"డ్రామాలు వద్దు యాదగిరిగారూ" అని జనరల్ మేనేజర్ ఫోన్ చూసుకున్నాడు.

కొద్ది రోజులకే సార్‌ను గెస్ట్‌హౌస్ చూసుకోమని పంపారు. హెలికాప్టర్ గీసిన మనిషి పదవీ విరమణ దాకా అతిథుల దుప్పట్లు ఉతికించాడు. చెక్క నమూనాను విరగ్గొట్టి తుక్కులో పారేశారు. కిందటేడు ఆయన పోయాక సంతాప సభలో అదే జనరల్ మేనేజర్ మైకు ముందు నిలబడి, ఈ హెలికాప్టర్ యాదగిరిగారి కల అన్నాడు. సిగ్గుండాలి. ఆ కలను సగానికి కోసి సోఫా వేసిన చేతులతోనే ఫోటోకు దండ వేశాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. ఆ మంట చల్లారాలని నేనేమీ కోరుకోవడం లేదు. ఆయన నాకు నేర్పిన పనిలో అదీ ఒక భాగమే.

ఇప్పుడు ఒక ఆసుపత్రి అంబులెన్స్ హెలికాప్టర్ కావాలని అడిగింది. ఉన్నదే చాలు, పక్క తలుపు ఉందిగా అంటున్నారు పైవాళ్ళు. సార్ కుర్చీలో ఇప్పుడు నేనున్నాను కాబట్టి, రోగిని పడుకోబెట్టి అందులోకి ఎక్కించవచ్చని సంతకం చేయాల్సింది నేనే. రేపే సమావేశం. గదిలో వద్దని, షెడ్డులో హెలికాప్టర్ పక్కనే పెట్టించాను. కుర్చీలు వేయించలేదు, స్ట్రెచర్ ఒకటి తెప్పించాను. జనరల్ మేనేజర్ వస్తారు. పక్క తలుపులోంచి స్ట్రెచర్ లోపలికి పోతుందని ఎప్పటిలాగే చెబుతారు. పూర్తిగా చెప్పనిస్తాను.

ఆ తరువాత, బూట్లు విడిచి పడుకోమంటాను.