నాన్నగారు చేతికిచ్చిన ఆట

దెయ్యాలు, ఆత్మలు అనే మాటలు మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. అవి పనిలేనివాళ్ల కబుర్లని మా తాతగారు ఏనాడో తేల్చేశారు. నాన్నగారు అదే పాటించారు, నేనూ అంతే. ఇప్పటికీ నాకు వాటిమీద నమ్మకం లేదు. ఈ సంగతి ఇన్నాళ్లూ బయట చెప్పకపోవడానికి అదొక కారణం. ఇందులో నా గౌరవాన్ని పెంచేది ఏమీ లేకపోవడం రెండో కారణం. చూసినది చూసినట్టు రాస్తున్నాను.

మాది వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరు. ఒకప్పుడు ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న జీడితోటల్లో సగం మావే. నేను పుట్టేనాటికే చాలా భాగం కోర్టు వ్యాజ్యాల్లో పోయింది. మిగిలిన చెట్లను ఒక తుపాను వేళ్లతో సహా పెకలించింది. మేడమీది గదులు కూలిపోతే కింద ముందువైపు మూడు గదుల్లో ఉండేవాళ్లం. అయినా నాన్నగారు వీధిలోకి వస్తే ముసలివాళ్లు ఇంకా చేతిలో బీడీ వెనక్కి దాచేవారు. ఆయనకు అది చాలు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి చేరాను. పప్పును గుండు, బద్ద, ముక్క అని వేరు చేసే ఆడవాళ్ల పని చూసుకోవడం నా ఉద్యోగం. ఆ ఫ్యాక్టరీ యజమాని తండ్రి ఒకప్పుడు మా తోటకు కాపలా ఉండేవాడు. ఆ సంగతి తెలిసిన రోజు నాన్నగారు అన్నం ముందునుంచి లేచిపోయారు. నేను ఎదురుగానే ఉన్నాను. ఆయన అమ్మతో అన్నారు.

"మన తోటకి కావలున్నోడి కొడుక్కి ఈడు సలాం కొడతాడా? నాకు కొడుకు నేడనుకుంతాను."

ఆ రోజునుంచి ఆయన నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నేను చేసినది తప్పు కాదని నాకు తెలుసు. మా ఇంట్లో ముందు నోరు విప్పినవాడు ఓడినట్టు. ఒకే కప్పు కింద మూడేళ్లు అలా గడిచాయి. అటు మాట ఇటు, ఇటు మాట అటు అమ్మ చేరవేసేది.

ఆ మూడేళ్లలో మొదటి ఏడాదే ఒక ఆటబొమ్మ మా ఇంటికి వచ్చింది. తెచ్చింది మా బావ, అంటే మా చెల్లెలి భర్త. పోర్ట్‌బ్లెయిర్‌లో పని చేసేవాడు. సెలవుకి వస్తూ చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ ఒకటి తెచ్చాడు. బూడిదరంగు ప్లాస్టిక్, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద తెర, ఎడమవైపు నాలుగు బటన్లు, కుడివైపు ఒక పెద్ద బటన్. పైనుంచి ఇటుకలు రకరకాల ఆకారాల్లో పడుతుంటాయి. వాటిని తిప్పి, జరిపి, ఖాళీ లేకుండా వరస నింపితే ఆ వరస మాయమవుతుంది. పైదాకా పేరుకుపోతే ఆట అయిపోయినట్టు. అప్పట్లో ప్రతి సంతలోనూ దొరికేవి, చాలామందికి గుర్తుండే ఉంటాయి.

"మావా, ఊరికే కూకుంటే మీకేటి తోస్తాది? ఇది ఆడండి" అన్నాడు బావ.

"నానేటి, సంటిపిల్లడినా?" అని నాన్నగారు దాన్ని కిటికీలో పెట్టేశారు.

వారం తిరక్కుండా అమ్మతో ఫిర్యాదు చేశారు. "తొమ్మిదివేల తొమ్మిదొందల తొంబైతొమ్మిది ఆటలని దానిమీద రాసినాడు. సూస్తే ఎనిమిదికి మించి నేవు. అబద్ధాలకోరు." అంటే ఎనిమిదీ ఆడి చూశారన్నమాట.

చివరికి ఇటుకల ఆట ఒక్కటే ఆయనకు నచ్చింది. అరుగుమీద కుర్చీలో కూర్చుని మధ్యాహ్నమంతా ఆడేవారు. కీచుమనే చప్పుడు వీధిలోకి వినబడకుండా ముందే ఆపేసేవారు. ఎవరైనా వస్తున్నట్టు కనబడితే బొమ్మ కండువా కిందికి వెళ్లిపోయేది. వాళ్లు దాటిపోయాక మళ్లీ బయటికి వచ్చేది.

ఒక ఆదివారం ఆయన పడుకున్నప్పుడు నేను కిటికీలోంచి తీసి ఆడాను. ఇంత చిన్న బొమ్మలో ఇంత ఆనందం ఉంటుందని అనుకోలేదు. ఇటుక ఎక్కడ దించాలో కన్ను చెప్పేలోపే వేలు దించేస్తుంది. ఫ్యాక్టరీ, బస్సు, ఇల్లు ఏదీ గుర్తుండదు. ఆడి ఆడి ఆయన రికార్డు దాటాను. తెర పక్కన మూలలో ఆ అంకె నిలిచింది. బొమ్మను ఎక్కడ తీశానో అక్కడే పెట్టాను.

మర్నాడు సాయంత్రం పలాస నుంచి వచ్చి చూస్తే నా అంకె లేదు. దానికంటే పెద్దది ఉంది.

అప్పటినుంచి అది మా మాట్లాడుకోవడం అయింది. ఆయన పగలు ఆడి కిటికీలో పెట్టేవారు. నేను సాయంత్రం ఆడి కిటికీలో పెట్టేవాణ్ణి. అమ్మ మాత్రం నవ్వలేక చచ్చేది.

"ఒరే, నిన్న నువ్వెంత కొట్టినావో గానీ ముసలాయన పొద్దున్నించి టీ తాగనేదు. ఈ మగాళ్లిద్దరికీ నోళ్లు పడిపోయి, బొటనవేళ్లు మిగిలినాయి."

ఒక వరస పోతే నూరు. రెండు ఒకేసారి పోతే మూడు వందలు, మూడైతే ఏడు వందలు. నాలుగు వరసలు ఒకే దెబ్బకు పోతే పదిహేను వందలు. నేను ఒక్కో వరసే తీసుకుంటూ జాగ్రత్తగా ఆడేవాణ్ణి. నాన్నగారిది వేరే పద్ధతి. కుడిచివర ఒక్క నిలువు గడి ఖాళీగా వదిలి, మిగతా అంతా ఎత్తుగా కట్టుకుంటూ పోయేవారు. అందులో నిలువుగా దిగే నాలుగు గడుల పొడుగు ఇటుక వచ్చేదాకా కాచుకునేవారు. అది రాకపోతే కూలిపోతారు. వస్తే నాలుగు వరసలూ ఒక్కసారి.

ఆయనకు అప్పటికే జబ్బు మొదలైంది. మా ఉద్దానంలో ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బే. పాదాలు వాచేవి. ఒకసారి బాగా నీరసించి ఉన్నారని తెలిసి నేను కావాలని తక్కువ కొట్టి, రికార్డు ఆయనదే ఉండేలా నాలుగు రోజులు వదిలేశాను. ఐదో రోజు చూస్తే అంకె సున్నా. ఆయన సెల్లులు తీసి మళ్లీ వేశారు. సెల్లులు తీస్తే రికార్డు చెరిగిపోతుంది.

అమ్మ వచ్చి చెప్పింది. "ఈ ఇంట్లో ముష్టి తీసుకున్నోడు ఎవడూ నేడని నీతో సెప్పమన్నారు."

ఆ తర్వాత నేనెప్పుడూ తగ్గి ఆడలేదు.

సెల్లులు అయిపోతే రికార్డు పోతుంది కనుక, నాన్నగారు గోడమీది క్యాలెండర్ అంచున పెన్సిల్‌తో రాసి ఉంచేవారు. నాది పెద్దదైతే నాదే రాసేవారు. ఆ క్యాలెండర్‌లో చివరి అంకె నలభై ఎనిమిది వేల తొమ్మిది వందలు. అది నేను కొట్టింది, ఆయన చేత్తో రాసింది. దాన్ని ఆయన మూడు వారాలు దాటలేకపోయారు.

ఒకరోజు ఉదయం ఆయన లేవలేకపోతే టెక్కలిలో ఒక ఆసుపత్రికి కారులో తీసుకువెళ్లాం. వరండాలో బెంచీ మీద ఆయన, పక్కన నేను. అమ్మ చీటీ రాయించడానికి వెళ్లింది. ఆయన జేబులోంచి బొమ్మ తీశారు. చుట్టూ పాతికమంది ఉన్నారు. కండువా కప్పలేదు. జీవితంలో మొదటిసారి అందరి ఎదుటా ఆడారు.

అరగంట పైనే ఆడారు. నేను చూడనట్టు కూర్చున్నాను. అప్పుడు ఆయన వేళ్లు వణకడం మొదలైంది. పాజ్ నొక్కారు. బొమ్మను నా వైపు చాపారు. నా ముఖంలోకి చూశారు. మూడేళ్లలో అలా చూడలేదు. మాట్లాడలేదు కానీ, ఇచ్చింది కిటికీలో పెట్టిన బొమ్మ కాదు, సగం ఆడిన ఆట. మిగతాది నన్ను ఆడమన్నారు.

తెర మీద అంకె నలభై ఎనిమిది వేల రెండు వందలు. నా రికార్డుకు ఏడు వందలు తక్కువ. కుడిచివర గడి అడుగుదాకా ఖాళీగా ఉంది. తరువాత రాబోయే ఇటుక ఏదో పక్కన చూపిస్తుంది. అది పొడుగు ఇటుక.

"ఏటండీ, ఇంకా ఇక్కడే కూకున్నారా? పెద్దాయన్ని లోపలికి తీసుకురండి" అని నర్సు కేకేసింది.

నేను బటన్ నొక్కి బొమ్మ ఆపేశాను. మధ్యలో ఆపేస్తే రికార్డు ఉంటుంది కానీ ఆ ఆట పోతుంది. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తెర నల్లబడటం ఆయన చూశారు. కళ్లు తిప్పుకుని, నా భుజం పట్టుకోకుండా గోడ పట్టుకుని లేచారు.

నర్సు పిలిచింది కనుక ఆపేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పిలిచిన మాట నిజం. కానీ అంతకుముందే నేను అంకె చూశాను, పొడుగు ఇటుక చూశాను. నా చేత్తో నన్ను ఓడించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నిజం అదీ.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన పోయారు. మేము మాట్లాడుకోలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక నేను బొమ్మ తీసి వెలిగించి చూశాను. రికార్డు నాదే ఉంది, నలభై ఎనిమిది వేల తొమ్మిది వందలు. సెల్లులు నీరు కారి పాడుచేస్తాయని రెండూ నా చేత్తో తీశాను. ఒకటి గోడగడియారంలో వేశాను, ఒకటి టీవీ రిమోట్‌లో వేశాను. ఖాళీ బొమ్మను నాన్నగారి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. రెండోది లేదు.

సంవత్సరీకానికి చెల్లెలు, బావ వచ్చారు. భోజనాలయ్యాక, ఎండ ఇంకా గట్టిగా ఉండగానే, చెల్లెలు అడిగింది. "అన్నా, నాన్న ఆడుకున్న బొమ్మ నాకిచ్చీ. గురుతుగా ఉంచుకుంతాను."

వాళ్లెదుటే పెట్టె తెరిచాను. బొమ్మ వెనకమూత తీసి చూపించాను, లోపల ఖాళీ. బావ కొట్టుకు వెళ్లి కొత్త సెల్లులు తెచ్చి తనే వేశాడు. తనే వెలిగించాడు.

"బావా, ఇదెవరిది? నలభై తొమ్మిది వేల ఏడు వందలు" అన్నాడు.

సున్నా ఉండాలన్నాను. తెర నా వైపు తిప్పాడు. రికార్డు చోట 49700 అని ఉంది.

"నువ్వు గానీ ఆడినావేటన్నా?" అంది చెల్లెలు.

"సెల్లులు లేకుండా ఎలా ఆడతానే?"

"మావ అక్కడ కూడా ఒదల్నేదు గావాల" అని బావ నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

వాళ్లకు అది ఒక అంకె. ఆసుపత్రి వరండాలో ఆగిన అంకె ఎంతో నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా. నలభై ఎనిమిది వేల రెండు వందలకు పదిహేను వందలు కలిపితే నలభై తొమ్మిది వేల ఏడు వందలు. పొడుగు ఇటుక ఒకటి, కుడిచివర, అడుగుదాకా.

అమ్మ వాకిట్లోంచి ఎంతని అడిగింది. చెప్పాను. "మీ నాన్నే. నువ్వు గెలిసీసి ఉంతే ఊరుకుంతాడేటి?" అని విస్తళ్లు ఏరుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు చెల్లెలి దగ్గర బొమ్మ అడిగి తీసుకుని కాశీబుగ్గలో రేడియోలు, గడియారాలు బాగుచేసే అతని దగ్గరికి వెళ్లాను. అతను విప్పి చూశాడు.

"బాబూ, దీని గేపకమంతా సెల్లులే. అయి తీసేత్తే మీరెవరో మేమెవరో దానికి తెల్దు" అన్నాడు. నా ఎదురుగా సెల్లులు తీసి రెండు నిమిషాలు ఆగి మళ్లీ వేశాడు. సున్నా. అలా మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ సున్నా.

ఏదో లోపంవల్ల ఆ ఏడాది జ్ఞాపకం చెరిగిపోలేదని అనుకుందాం. అప్పుడైనా ఉండవలసింది నా అంకె. ఆయనది కాదు.

ఇంటికి వచ్చి నాన్నగారి క్యాలెండర్ బయటికి తీశాను. పడేయలేదు, పడేయబుద్ధి కాలేదు. ఆయన రాసిన నా అంకె కింద, పెన్సిల్‌తో, నలభై తొమ్మిది వేల ఏడు వందలు అని రాసి పక్కన ఆయన పేరు పెట్టాను. "మీదే నాన్నగారూ" అని పైకే అన్నాను. గదిలో ఎవరూ లేరు. మూడేళ్లూ, ఆపైన ఒక ఏడాదీ అయ్యాక మా ఇద్దరిలో ముందు నోరు విప్పింది నేను.

చెల్లెలు బొమ్మను నా దగ్గరే ఉంచమంది. తర్వాత ఎన్నో ఆదివారాలు ఆడాను, తగ్గి ఆడలేదు. ఆ అంకెను ఒక్కసారి కూడా దాటలేదు. అది ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లు ఎవరైనా చెబితే వింటాను. బొమ్మ చెడిపోయి ఉంటుందని మాత్రం చెప్పకండి. అది ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. సెల్లులు తీసిన ప్రతిసారీ సున్నాకే వస్తోంది.