రెండు మండీల మధ్య కెర్నల్ చిల్లు

2008 వేసవి. చింతామణి మార్కెట్లో టమాటా బాక్సులు రోడ్డు మీదికి వచ్చేసిన రోజులు. మా నాయనది కిరాణా అంగడి, నాది కంప్యూటర్ల అంగడి. సరుకు మారింది గాని, ముందు రెట్టింపు చెప్పి తర్వాత దయతో తగ్గించే విద్య మారలేదు.

ఆ విద్యతోనే పక్కపక్కనున్న రెండు టమాటా మండీలకు కలిపి ఒకే సర్వర్ అంటగట్టాను. ఒక మండీ నాగరత్నమ్మది, రెండోది వెంకటరాయప్పది. ఎదురుపడితే నవ్వుకుంటారు. ఏ రైతు సరుకు వేస్తున్నాడో, మద్రాసు వ్యాపారికి ఏ ధరకు ఇస్తున్నారో మాత్రం ఒకరికొకరు చచ్చినా చెప్పరు. "మిషన్ ఒకటే అయినా మధ్యలో గోడ ఉంటుంది" అని ఇద్దరికీ మాటిచ్చింది నేనే.

ఆ గోడను కాసేది కెర్నల్. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది గుండెకాయ. ఏ ప్రోగ్రాం ఏ ఫైలును ముట్టవచ్చో అదే నిర్ణయిస్తుంది. మేము వాడే లినక్స్ కెర్నల్లో లోపం బయటపడిందని ఒక ఉదయం ఇంటర్నెట్లో చదివాను. మామూలు లాగిన్ ఉన్నవాడు ఎవడైనా రూట్ అయిపోవచ్చట. రూట్ అంటే అన్ని తలుపులూ తెరుచుకునే యజమాని లాగిన్. నమ్మకం కుదరక, అంగడిలో ఉన్న అలాంటిదే ఇంకో మిషన్ మీద గుమాస్తా లాగిన్‌తో ప్రయత్నించాను. కళ్ళు మూసి తెరిచేలోగా రూట్‌నయి కూర్చున్నాను. ఈ కిటుకు ఒక మండీ గుమాస్తాకు తెలిస్తే పక్క మండీ గుట్టంతా వాడి తెర మీద ఉంటుంది. మార్కెట్లో నా మాటకు ఆ పూటతో చెల్లు.

కొత్త కెర్నల్ వేసేస్తే సరిపోయేది. కాని రెండు మండీల్లో గుమాస్తాల ముందుండే తెరలను సర్వర్‌కు కలిపే పాత కార్డు దానితో పనిచేయదు. బేరమాడి చవకగా తెచ్చాననుకుని మురిసిపోయిన కార్డు అది. కాబట్టి పాత కెర్నల్ కోడ్‌నే సరిచేయాలి. విడుదలైన ప్యాచ్, అంటే ఏ వరుస ఎలా మార్చాలో చెప్పే ఫైలు, మా పాత కోడ్‌కు అతకలేదు. చదవగా చదవగా లోపం అర్థమైంది. ప్రోగ్రాం ఒక చోటు చూపించి "ఇది నాది" అంటే, నిజంగా దానిదేనా అని కెర్నల్ చూడటం లేదు. గోడౌన్లో ఫలానా గది నాదంటే విచారించకుండా తాళం తీసిచ్చినట్టు. ఆ విచారణ చేసే నాలుగు వరుసలు నా చేత్తో చేర్చి, కంపైల్ చేసి, అంటే మిషన్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చి, అంగడిలోని మిషన్ మీద మళ్ళీ ప్రయత్నించాను. ఈసారి గడప దాటనివ్వలేదు. చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా చెయ్యి మీసం మీదికి పోయింది.

ఇక మండీ సర్వర్‌ను ఆపి, సరిచేసిన కెర్నల్‌తో లేపాలి. ఇద్దరినీ ఒకచోట నిలబెట్టి అడిగాను. నాగరత్నమ్మ మండిపడింది.

"సీజన్లో మిషన్ ఆపేదా? బుద్ధుండాదా సీనప్పా? బయట లారీలు నిలబడుకోని ఉండాయి."

"ఒక్క రోజు చాలమ్మా." నాకు కావలసింది అరగంట.

"రోజంట, రోజు! యాడన్నా ఉండాదా ఈ అన్యాయం?"

వెంకటరాయప్ప నవ్వాడు. "వాడు రోజు అడిగితే గంటని అర్థమమ్మా. వాళ్ళ నాయనా ఇంతే. ఎందుకో చెప్పప్పా ముందు."

దుమ్ము దులపాలని చెప్పి తప్పించుకోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగి నిజమే చెప్పాను.

"ఎద్దుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకోని బేరం చేస్తారు కదన్నా. మీ ఇద్దరికీ నేను కప్పిన తువ్వాలుకు చిల్లు పడిండాది. ఎవురూ తొంగి చూసిన గుర్తుల్లేవు. చూడలేదని ప్రమాణం మాత్రం చెయ్యలేను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఇద్దరి నోటా ఒకే మాట రావడం నేను వినడం అదే మొదలు. "ఇప్పుడే ఆపు!"

ఆపాను. తిరిగి లేపాక తెరలు నల్లగానే ఉండిపోయాయి. అంతలో ఒకటి వెలిగింది, తర్వాత ఇంకొకటి, ఆ వెనక అన్నీ. వాళ్ళ ఎదురుగానే గుమాస్తా లాగిన్‌తో రూట్ కావాలని చూశాను. మిషన్ ససేమిరా అంది.

వెంకటరాయప్ప భుజం తట్టి వెళ్ళిపోయాడు. నాగరత్నమ్మ మాత్రం కదల్లేదు.

"అంతా సరే. నా లెక్కలు నువ్వు చూడొచ్చునా?"

"ఛ, ఛ" అనడానికి అమ్మకందారుడి నాలుక సిద్ధంగానే ఉంది. దాన్ని పట్టి ఆపాను.

"చూడొచ్చునమ్మా. రూట్ నా దగ్గరే ఉండాది. చూడను, అంతే."

"చూడలేనని అనింటే ఈ పొద్దే నీ మిషన్ను రోడ్డు మీద పెట్టిచ్చేదాన్ని. పో, పోయి కాఫీ తాగు."

కోడ్‌ను సరిచేయడం పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. చేసిన పనిని దాచకుండా చెప్పడం ఆ రోజు నేర్చుకున్నాను. తర్వాత బాగేపల్లిలోనైనా చిక్కబళ్ళాపురంలోనైనా కొత్త గిరాకీ వస్తే, నేను ఏమేం చూడగలనో ముందే చెప్పేవాణ్ణి. కొందరు బెదిరి వెళ్ళిపోయారు. ఆ రెండు మండీలు ఆ తర్వాత సర్వర్లు మార్చాయి గాని, నన్ను మార్చలేదు.