పాటామె ఎక్కడ నిలబడ్డది?

మాణిక్యప్పకు పాట వింటే చాలదు, కంటికి కనబడాలి. ఇంటికొచ్చినవాళ్లకు కూడా చూపించందే వదలడు.

హైదరాబాద్ నుంచి స్టీరియో తెచ్చిన నాటినుంచీ నారాయణఖేడ్‌లో ఆయన ఇల్లంటే జనానికి జంకు. రెండు స్పీకర్లను గోడకు కొంచెం ఎడంగా నిలబెట్టి, తాడుతో కొలిచి, రెంటికీ సమదూరంలో ఒక కుర్చీ వేశాడు. అందులో కూర్చుంటే రెండు పెట్టెల పాటా నడుమ కలిసి, పాడేటామె ఎదురుగా ఖాళీ జాగాలో నిలబడ్డట్టే ఉంటుంది. ఎడమకు డోలక్, కుడికి పిల్లనగ్రోవి. కుర్చీ జానెడు జరిగిందా, ఆమె దగ్గరున్న పెట్టెలోకి దూరిపోతుంది.

భార్య నీలమ్మ ఊడుస్తూ స్పీకర్ కదిలిస్తే, పాటామె కాలు విరగ్గొట్టినట్టే బాధపడేవాడు. బోరంచ నుంచి నీలమ్మ అన్న శంకరప్ప వస్తే, మంచినీళ్లకన్నా ముందు కుర్చీ ఇచ్చాడు.

"పాటామె ఏడ నిలబడ్డదో చూపియ్యి బావా."

శంకరప్ప వేలు పక్కగోడ మీది గడియారం వైపు పోయింది. పాట మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారికి, చాయ్ మీది ఆశకొద్దీ, ఆయన ఆమె చీర రంగు కూడా చెప్పాడు.

ఒక అంగడి రోజు సిర్గాపూర్ నుంచి బసవరాజ్ వచ్చాడు. మాణిక్యప్పకు చిన్ననాటి దోస్తు. జ్వరమొచ్చి ఎడమ చెవి పోయినప్పటినుంచి నలుగురిలోకి రావడం తగ్గించాడు. వినబడలేదని చెప్పుకోలేక, ఎవరేమన్నా నవ్వి తలూపేవాడు. ఆయన్ని చూడగానే నీలమ్మ చూపు ఆ కుర్చీ మీదికి పోయింది. ఒక్క చెవి మనిషికి నడుమ ఏది, పక్క ఏది? పైగా లోపల పొరుగువాళ్లు కూర్చుని ఉన్నారు. పెనిమిటిని వంటింట్లోకి పిలిచేలోపే బసవరాజ్ కుర్చీలో ఉన్నాడు, పాట మొదలైంది.

పాట అయిపోయింది. బసవరాజ్ వేలు ఎత్తబోయి, ఎటు చూపాలో తెలియక ఒళ్లో దాచుకున్నాడు. మాణిక్యప్ప ఆ చేతిని చూశాడు. లేచి ఎడమ స్పీకర్‌ను మోసుకొచ్చి, రెండింటినీ బసవరాజ్ కుడిచెవి పక్కన పెట్టి, పాట మళ్లీ మొదలుపెట్టాడు.

పొరుగాయన నివ్వెరపోయి, ఇట్లయితే పాటామె ఎక్కడ నిలబడాలని అడిగాడు.

"నిలబడి నిలబడి ఆమెకు కాళ్లు గుంజుతున్నయ్," అన్నాడు మాణిక్యప్ప. "ఇయ్యాల మా బసవరాజ్ పక్కన కూసున్నది."

బసవరాజ్ కళ్లు మూసుకుని విన్నాడు. ఈసారి తలూపలేదు.

"అంతా మంచిగున్నది గాని మాణిక్యా, డోలక్ తాళం తప్పుతున్నది."

తప్పలేదని మాణిక్యప్ప, తప్పిందని బసవరాజ్. వాదన తెగేలోపు సిర్గాపూర్ బస్సు వెళ్లిపోయింది. నీలమ్మ నవ్వుకుంటూ ఇంకో నాలుగు రొట్టెలకు జొన్నపిండి కలిపింది.