పదకొండు పేజీలు పట్టుకుని పళ్ళ డాక్టరు చదువుకి

నేను బర్మాలో, లత అనే పేటలో, ఒక కట్టుడు పళ్ళ దుకాణంలో ఐదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. డాక్టర్లు పళ్ళ అచ్చు తప్పుగా తీసి పంపుతారు, పన్ను సరిపోకపోతే తిట్లు మాత్రం మాకు. ఆ తిట్లు తినీ తినీ నేనే డెంటిస్టునవుదామనుకున్నాను. థాయ్‌లాండ్‌లోని ఒక డెంటల్ కాలేజీకి దరఖాస్తు గడువు శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు. ఆ రోజు పని మానేసి బయల్దేరాను. నాలా, మార్కులెయ్యని కాలేజీలో చదివి ఈ దారి పట్టేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఇల్లున్న బోటాటౌంగ్‌లో ఏడున్నరకి బస్సెక్కితే చౌక్తడాకి పావుగంట. టాక్సీ దండగ. కోర్టుల పక్కన పేవ్‌మెంటు మీద తర్జుమా చేసేవాళ్ళు ఎనిమిదికల్లా బల్లలు వేస్తారు. పేజీకి ఎనిమిది వేల చాట్‌లు. మా తెలుగువాడేనని సింహాచలం మావయ్య దగ్గర కూర్చున్నాను. మా కాలేజీలో సబ్జెక్టుకి ఒక పేజీ చొప్పున టీచరు మా గురించి రాసిస్తారు. అలాంటివి పదకొండు, అన్నీ బర్మీస్‌లో. మావయ్య వాటిని ఇంగ్లీషులో టైపు చేస్తూ ఆగాడు.

"ఏటే పిల్లా, అన్నీ మాటలే. నంబరేదీ?"

"మాకు నంబర్లుండవు మావయ్యా."

"నీకు కోపమెక్కువని రాసీసింది ఈ టీచరమ్మ. వొదిలీనా?"

"వొద్దు. ఉన్నదున్నట్టు కొట్టు."

"సంబంధానికైతే నానొదిలీద్దును" అని నవ్వాడు.

పదకొండింటికి అక్కడికి దగ్గర్లోనే, ఆ డెంటల్ కాలేజీకి దరఖాస్తులు తీసుకునే ఏజెంటు ఆఫీసుకి వెళ్ళాను. కరెంటు లేదు, నాలుగంతస్తులూ మెట్లే. గుమాస్తా కాగితాలు తిరగేసి, "మొత్తం మార్కులు?" అని బర్మీస్‌లో అడిగాడు.

"ఇవి చదవండి. అన్నీ ఉన్నాయి."

"ఈ గడిలో అంకె పడాలి చెల్లీ. అరవైకి తగ్గితే తీసుకోం."

అరిచాను. పక్క గదుల తలుపులు తెరుచుకున్నాయి తప్ప ఏమీ కాలేదు.

అక్కణ్ణించి లతలోని మా కాలేజీకి ఎండలో ఇరవై నిమిషాల నడక. బట్టల కొట్టు పైన రెండు గదులే కాలేజీ. మేం సెయామా అని పిలిచే కెమిస్ట్రీ టీచరమ్మ ఒక్కరే ఉన్నారు. అంకె కావాలన్నాను.

"మార్కులొద్దని పిల్లలూ టీచర్లూ కూర్చున్న మీటింగులో అందరికన్నా గట్టిగా అరిచింది నువ్వే కదా?"

నేనే. మొదటి ఏడాది గోడకి మార్కుల పట్టిక అంటించేవారు. అందులో ఆఖరి పేరున్న అమ్మాయి మర్నాటి నుంచి రాలేదు. ఆ పట్టిక చింపింది కూడా నేనే.

"ఇస్తాను. కానీ జాలిపడి ఇవ్వను. నీకిస్తే అడిగినవాళ్ళందరికీ ఇవ్వాలి. ఆ మాట ఆదివారం మీటింగులో నువ్వే చెప్పాలి" అన్నారు సెయామా.

సరేనన్నాను. గంటసేపు పదకొండు పేజీలూ చదివి, ఒక కాగితం మీద అరవై నాలుగు వేసి సంతకం చేశారు. ఆవిడ నా గురించి రాసిన పేజీలో రెండు వాక్యాలున్నాయి. సమీకరణాల దగ్గర తడబడుతుంది. తప్పని చెబితే కోప్పడి వెళ్ళిపోయి, మర్నాడు సరిచేసుకుని వస్తుంది. అంకెలో మొదటి వాక్యమే మిగిలింది.

మళ్ళీ ఏజెంటు ఆఫీసుకి వెళ్తే, మూడున్నరకి గుమాస్తా ఆ అంకె గడిలో ఎక్కించి రసీదు ఇచ్చాడు. "తీసుకున్నాం. వరసలో కిందుంటావు, పెద్దగా ఆశ పెట్టుకోకు" అన్నాడు. పదకొండు పేజీలూ నా చేతిలో పెట్టి, "ఇవి అక్కర్లేదు" అన్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు. ఆ గుమాస్తా మీద కోపం సగం దారిలోనే చల్లారింది, మిగిలింది నా మీదే. నాకు సీటొస్తుందో రాదో తెలీదు. ఆదివారం మీటింగులో మాత్రం లేచి నిలబడి, మార్కులు మళ్ళీ పెట్టండని నా నోటితో నేనే అడగాలి. ఆ గోడ మీద ఈసారి ఆఖరి పేరు ఎవరిదవుతుందో.

వెళ్ళేవాళ్ళు ముందు ఏజెంటు దగ్గర ఖాళీ ఫారం తెచ్చుకుని ప్రతి గడీ చదవండి. తర్జుమాకి ఆ తర్వాతే ఇవ్వండి.