నల్లగా పడిన ఫోటో

మా వదినకూ నాకూ పక్షుల పిచ్చి ఒకటే గానీ, ఫోటోల దగ్గరికి వచ్చేసరికి ఉప్పూ నిప్పూ. నేను ధర్మవరంలో టీచర్ని. ఆమెకు హిందూపురంలో ఫ్యాన్సీ స్టోర్ ఉంది. సెలవు రోజుల్లో పెనుకొండలో కలుసుకుని, నా స్కూటీ మీద బుక్కపట్నం చెరువుకు పోయి, కొంగల్నీ బాతుల్నీ ఫోటోలు తీసుకుని వస్తాం. మా అన్న మమ్మల్నిద్దరినీ చూసి తల పట్టుకుంటాడు. అది వేరే సంగతి.

నేను తీసేది రా ఫైళ్ళు, ఆమె తీసేది జేపెగ్. జేపెగ్ అంటే, అక్కర్లేదని కెమెరాకు అనిపించిందంతా పారేసి, మిగిలినదాన్ని నొక్కి చిన్నది చేసి ఇచ్చే ఫోటో. రా ఫైలు అలా కాదు. కెమెరా చూసిందంతా అందులో దాచిపెట్టి ఉంటుంది. చూడటానికి చప్పగా ఉంటుంది, జాగా బోలెడంత తింటుంది, వదిన ఫోన్లో తెరుచుకోనే తెరుచుకోదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో వెలుగూ రంగూ మనమే సరిచేసుకోవాలి. అయితే ఎంత మార్చినా అసలుది అట్లాగే ఉంటుంది, ఎప్పుడు కావాలన్నా మళ్ళీ మొదటికి పోవచ్చు.

"జేపెగ్ వండిన అన్నం వదినా, రా ఫైలు బియ్యం. అన్నాన్ని మళ్ళీ బియ్యం చెయ్యగలవా?" అని నేను నస పెడతాను.

"ఆకలితో వచ్చినోళ్ళకి బియ్యం పెడతావా పాపా? నా ఫోటో ఆ పొద్దే అందరి ఫోన్లలో ఉంటాది. నీది ఉగాదికి తీస్తే దసరాకి వస్తాది" అంటుంది ఆమె. అబద్ధమేమీ కాదు.

మేం పోయే దారిలో, పెనుకొండ కొండ వెనక, ఒక అక్క గొర్రెలు మేపుతుంది. నాలుగైదిళ్ళ గొర్రెల్ని ఒకే మందగా తోలుకుపోయేది ఆమే. ఆమెకో నల్ల కుక్క. నా బండి చప్పుడు దూరం నుంచే గుర్తుపట్టి ఎదురొస్తుంది, బిస్కెట్లు తిని గొర్రెల దొడ్డి దాకా సాగనంపుతుంది. ఆ కుక్కంటే నాకు ప్రాణం.

మొన్న చలికాలంలో ఒక పొద్దున దొడ్డి దగ్గర ఆగి అక్కతో మాట్లాడుతున్నాం. ఎండ ఇంకా కొండ దాటలేదు, వాలంతా నీడే. ఉన్నట్టుండి దొడ్డి అవతలి కొసన గొర్రెలు ఒక్కసారిగా అరిచాయి. కుక్క దొడ్డి చుట్టూ వేసిన ముళ్ళకంప మీంచి దూకి ఆ నీడలోకి పరిగెత్తింది. అక్కడేదో కదిలింది. ఏమిటో తెలియకుండానే మేమిద్దరం కెమెరాలెత్తి నొక్కేశాం. చాలాసేపటికి కుక్క ఒక్కటే తిరిగొచ్చింది. దాని మూతంతా నెత్తురు. దొడ్డిలో ఒక గొర్రెపిల్ల లేదు. తల్లి చచ్చిపోతే అక్క పాలసీసాతో పెంచిన పిల్ల అది.

తర్వాత రెండు మూడు రోజులకు అక్క నాకు ఫోన్ చేసింది.

"టీచరమ్మా, ఆ పొద్దు మీరు ఫోటోలు తీస్తిరి కదా. దాంట్లో తోడేలు పడిందేమో సూడు తల్లీ. నా కుక్కను సంపుతామంటాండారు."

నెత్తురు మరిగిన కుక్కను మందలో ఉంచకూడదని అక్కడి గొర్రెల వాళ్ళ కట్టుబాటు. కోపంతో చేసే పని కాదది. కడుపు నిండా రాగి సంగటి పెట్టి, ఆ తర్వాత తీసుకుపోతారు. తోడేలే వచ్చిందని అక్క ఎంత చెప్పినా, కుక్క మీద ప్రేమతో చెబుతోందనే అనుకున్నారు.

"దిగులు పడొద్దక్కా, నాది రా ఫైలు" అని గొప్పగా చెప్పి కంప్యూటర్ తెరిచాను. తెరిస్తే జేపెగ్! ముందు రోజు స్కూల్ వార్షికోత్సవం. ఫోటోలు అప్పటికప్పుడు గ్రూపులో పెట్టాలని హెడ్మాస్టర్ తొందర పెడితే జేపెగ్‌కు మార్చాను, మళ్ళీ సరిచేయడం మర్చిపోయాను. కొండ వాలంతా నల్లటి మచ్చ. ఎంత వెలుగు పెంచినా బూడిద రంగు గళ్ళే తప్ప ఇంకేమీ లేదు. కళ్ళనీళ్ళు ఆగలేదు. అన్నేళ్ళు నస పెట్టినదాన్ని, అవసరమైన ఆ ఒక్క పూట వట్టి చేతులతో మిగిలాను.

వదినకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆమె గొంతు తగ్గించింది.

"నవ్వనంటే ఒకటి సెప్తా. నీ నస పడలేక నేనూ ఆ పొద్దు రా పెట్టింటి. ఒక్కటీ ఫోన్లో తెరుచుకోల్యా. కెమెరా కార్డు తుడిచేద్దామని చేతిలో పట్టుకోనుండా."

"ముట్టుకోవద్దు వదినా!" అని నేను అరిచిన అరుపుకు పక్కింటామె తొంగిచూసింది.

వదిన షాపు మూసేసి, ఆ కార్డు పట్టుకుని, దొరికిన బస్సెక్కి వచ్చేసింది. ఫోటో తెరిచి నీడల్ని మెల్లగా పైకి లేపాను. గింజలు గింజలుగా కొండ కనిపించింది, తర్వాత తోడేలు. వదిన నా భుజం మీద ఒక్కటిచ్చింది. ఇద్దరం నవ్వాం, ఏడ్చాం, లాప్‌టాప్ పట్టుకుని బయల్దేరాం.

మేం పోయేసరికి కుక్కను వేపచెట్టుకు కట్టేసి ఉన్నారు. దాని ముందు గిన్నెలో సంగటి పెట్టి ఉంది. నన్ను చూసి తోక ఊపింది గానీ గిన్నె వైపు పోలేదు. ఆ గిన్నె ఎందుకో తెలిసి, లాప్‌టాప్ తెరుచుకుంటూనే అటు పరిగెత్తాను.

పోయిన గొర్రెపిల్ల ఏ ఇంటిదో ఆ ఇంటి పెద్దాయన ఫోటోను చాలాసేపు చూశాడు.

"ఇది మీరు కంప్యూటర్లో పెట్టిన తోడేలు కాదని ఏం నమ్మకమమ్మా? మా అల్లుడు నా తలకాయ తీసి సింహానికి పెట్టి సూపించినాడు."

నాకు కోపం రాలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? తోడేలు ఏ మాత్రం కనబడని ఫోటోలోంచి తోడేలును తీసి చూపిస్తే ఎవరు నమ్ముతారు?

"దాన్ని మళ్ళా మొదటికి తీస్కపో పాపా" అంది వదిన.

నేను చేసిన మార్పులన్నీ తీసేశాను. ఫోటో నల్లగా అయిపోయింది. నా లాప్‌టాప్‌ది వేలితో తాకితే పనిచేసే తెర. దాన్ని పెద్దాయన ఒళ్ళో పెట్టాను.

"మీరే లాగండి పెద్దాయనా. వెలుగు పెంచే చుక్క ఇదే, దీని మీద వేలు పెట్టి కుడి పక్కకు."

ఆయన వేలు పంచెకు తుడుచుకుని లాగాడు. మొదట కొండ, కొండ మీది బండలు. ఇంకొంచెం లాగితే తోడేలు వీపు, దాని నోట్లో తెల్లగా గొర్రెపిల్ల. ఇంకా లాగాడు. తోడేలు వెనకే మా నల్ల కుక్క. ఒక్క కాలూ నేల మీద లేదు. తోడేలును అందుకోబోతోంది.

పెద్దాయన వేలు ఆ కుక్క దగ్గరే ఆగిపోయింది. వెనక నుంచి వంగి చూస్తున్న అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చాలప్పా. ఆ పిల్లను అట్ల సూడలేను. మళ్ళా నల్లగా చెయ్."

పెద్దాయన తలెత్తి ఆమెను చూశాడు. ఆ చుక్కను మెల్లగా ఎడమ పక్కకు తోశాడు. కుక్క పోయింది, తోడేలు పోయింది, పిల్ల పోయింది, కొండ పోయింది. లాప్‌టాప్ నా చేతికిచ్చి లేచి, చెట్టు దగ్గరికి పోయి, కుక్క మెడలో తాడు తనే విప్పాడు.

కుక్క యాడికీ పోలేదు. ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని, ఆ గిన్నెలోని సంగటి తినడం మొదలుపెట్టింది.