ఊరికి వినపడేటట్టు మొక్కిన వదిన

దడి అవతల ఉండే వదిన మొన్నటి ముసురులో చనిపోయింది. తెల్లవారగానే ఆమె కోడలు దడి దగ్గరకు వచ్చి, "మామా, అత్త పోయింది" అని ఒక్క ముక్క చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి వెళ్ళిపోయింది. వదిన అంటే మా అన్న భార్య కాదు, ఊరి వరస. పక్క పక్క ఇళ్ళలో ముసలివాళ్ళమయ్యాం కాబట్టి ఆమె సంగతి చెప్పే హక్కు నాకుంది.

దినం నాడు చాలామంది వచ్చారు. పాల్వంచలో కంపెనీ పని చేసే చుట్టం ఒకాయన లేచి, "ఆ తల్లి ఏనాడూ ఎవరినీ నోరు తెరిచి అడగలేదు, దేవుణ్ణే నమ్ముకుని బతికింది" అన్నాడు. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. అడగకపోవడమేమిటి? ఆమె అడిగినంతగా ఈ మండలంలో ఎవరూ అడిగి ఉండరు. ఆ పెద్దమనిషి ఒక్క వారం మా వాకిట్లో పడుకుని ఉంటే తెలిసేది. నేను మూడో తరగతి దాటనివాణ్ణి, రాయడం నా పని కాదు. అయినా ఆమె మీద అబద్ధం తిరుగుతుంటే ఊరుకోలేక, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాస్తున్నాను.

మా ఊరి దేవత ముత్యాలమ్మ. అందరూ గుడి రాయి దగ్గరకు పోయి, కళ్ళు మూసుకుని, లోపల్లోపల మొక్కుతారు. వదిన అలా కాదు. పొద్దున పొయ్యి ముట్టించే ముందు వాకిట్లో నిలబడి గొంతెత్తేది.

"ముత్యాలమ్మ తల్లీ! ఇంట్ల ఉప్పు నిండుకుంది. జొన్న గటకల ఏమేసుకోవాల్నో నువ్వే చెప్పు!"

ఆ అరుపుకు మా ఎద్దులు కూడా లేచి నిలబడేవి. మా ఆవిడ గబగబా చిప్పలో ఉప్పు పోసి దడి మీదుగా అందించేది. అవతల నుంచి వెంటనే, "ఇచ్చినవా తల్లీ, నీకు దండం!" అని వినపడేది. ఉప్పు మాది, దండం దేవతకు! ఒకరోజు దడి దగ్గర నిలేశాను.

"ఏంది వదినా, దేవతకు చెవుడా? గంత గట్టిగ అరుస్తున్నవ్?"

"ఆమెకు చెవుడు లేదు మరిదీ. ఊరికి ఉంది."

"ఉప్పు మా ఇంటిది. దండం మాకు పెట్టు."

"మీ ఇంట్ల ఉప్పు ఉంచిందెవరు? నీ పెండ్లాం చెయ్యి నా దిక్కు చాపిందెవరు? నిన్ను నమ్ముకుంటే ఉప్పు గల్లు కూడ రాలదు."

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఆ పూట అన్నం తినలేదు.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఊరంతా చీకటి విడవకముందే అడవికి పోతుంది. పొలిమేర దగ్గర ఒక రాయి ఉంది. అడవిలో అడుగు పెట్టేవాళ్ళు పచ్చి కొమ్మ ఒకటి విరిచి దాని మీద వేసి, మనసులో ఉన్నది చెప్పుకుని పోవాలి. మాకు ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి అది. ఆడవాళ్ళు ఆ కొమ్మ వేసి, బిడ్డ పెళ్ళి నుంచి మేక ఈత దాకా ఏకరువు పెట్టేవాళ్ళు. వదిన మాత్రం ఆ రోజుకు కావలసింది ఒక్కటే అడిగేది. "ఇయ్యాళ ఎలుగొడ్డు ఎదురు రాకుండ చూడు," అంతే. వెనకున్న నేను ఎగతాళి చేశాను. "ఒక్కసారే ఏడాదికి సరిపడ అడగరాదా? రోజూ ఈ గొడవేంది?"

"అన్నీ ఇయ్యాళనే అడిగితే రేపు ఏం మొహం పెట్టుకొని వస్తం మరిదీ? పనుంటెనే గద చుట్టం ఇంటికి పోయేది."

దేవతను చుట్టం చేసుకుంది ఆమె. ఆ చుట్టం ఆమెకు ఏం చేసిందో కూడా రాస్తాను.

ఆమెకు ఒక్కడే కొడుకు. చలిజ్వరం వచ్చి, తలకెక్కింది. వదిన వాకిట్లో నిలబడి గొంతు పోయేదాకా అడిగింది. మందులు తెచ్చినవాళ్ళు తెచ్చారు, బండి కట్టినవాళ్ళు కట్టారు. కొడుకు దక్కలేదు. మట్టి చేసి వచ్చాక, ఇక ఈమె ఆ దేవత మొహం చూడదు అనుకున్నాను. చూడకూడదు కూడా. మర్నాడు పొద్దున దడి అవతల మళ్ళీ గొంతు లేచింది. బొంగురుగా.

"తల్లీ, ఇయ్యాళ పొయ్యి ముట్టించే బలమియ్యి. కోడలు తినలే."

నేను దడి దగ్గరకు ఉరికాను. "సిగ్గు లేదా వదినా? కొడుకును తీసుకపోయినదానితోని ఇంకా మాటలేంది?"

ఆమె నన్ను చూడలేదు. "నేను అలుగుతే కోడలుకు గంజి ఎవరు కాస్తరు?" అంది. అగ్గిపుల్ల గీసింది. నేను మాత్రం ఆ రోజు నుంచి ముత్యాలమ్మతో మాటలు మానేశాను. ఎవరో ఒకరు కోపంగా ఉండాలి కదా.

ఇక నా సంగతి. ఒక వానాకాలం మా ఆవిడకు అదే జ్వరం పట్టింది. కళ్ళు పచ్చబడ్డాయి, పిలిస్తే పలకడం లేదు. భద్రాచలం దవాఖానాకు పోవాలంటే వాగు దాటాలి. వాగు నిండుగా పారుతోంది, బండి దిగదు. నేను ఒడ్డున ఎద్దులు పట్టుకుని, నీళ్ళు తగ్గుతాయేమో అని నిలబడ్డాను. మంచం కట్టి మోస్తే దాటించవచ్చు. మోయడానికి మనుషులు కావాలి. పొలం గట్టు తగాదాల్లో ఊళ్ళో సగం మందితో నాకు మాటలు లేవు. మిగిలిన సగం మందిని నేను ఏనాడూ ఏదీ అడగలేదు. అడగను. అది నా గుణం.

వదిన ఒడ్డుకు వచ్చి, బండిలో ఉన్న మా ఆవిడ నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. నేరుగా ఊరి నడి బజారులోకి పోయి నిలబడి గొంతెత్తింది.

"ముత్యాలమ్మ తల్లీ! నా మరిది నోరు మంచిది కాదు. తిట్టనీకె లేస్తది గని అడగనీకె లేవదు. ఆయన్ని ఇడిసిపెట్టు. ఆ పిల్ల నాకు ఉప్పు పోసిన చెయ్యి. వాగు దాటిచ్చే భుజాలు పంపియ్యి తల్లీ!"

వాగు ఒడ్డు దాకా వినపడింది. సిగ్గుతో నా తల నేలలోకి దిగిపోయింది. గట్టు కాడ నన్ను కర్రతో కొట్టబోయినవాడే ముందు వచ్చాడు. "పదర్రా, లేకపోతే పొద్దుగూకేదాక అరుస్తది" అన్నాడు వెనకవాళ్ళతో. నులక మంచాన్ని వెదుళ్ళకు కట్టి, మా ఆవిడను పడుకోబెట్టి, మెడ లోతు నీళ్ళలో తలల మీద మోశారు. అవతలి ఒడ్డున జీపు దొరికింది. మా ఆవిడ బతికింది.

ఇంటికి వచ్చాక వదినను నిలదీశాను. "ఊరందరి ముందట నా పరువు తీసినవ్."

"పరువు వాగుల కొట్టుకపోయింది, పెండ్లాం ఒడ్డుకొచ్చింది. పరువే కావాల్నంటే చెప్పు, రేపు దాన్ని అడుగుత."

నేను దండం పెట్టలేదు. పెట్టి ఉంటే తీసుకునేది కాదు, దేవత వైపు తోసేసేది.

ఈ వానల్లో మంచం పట్టింది. ముందు కాళ్ళు పోయాయి, తర్వాత గొంతు పోయింది. పొద్దున దడి అవతల చప్పుడు లేకపోతే నాకు దిక్కు తోచేది కాదు. చివరికి మందు లేదు, గంజి లేదు, నీళ్ళు కూడా మింగుడు పడలేదు. పెదవులు ఎండి పగిలాయి. కోడలు పిలిస్తే మేమిద్దరం పోయాం. మా ఆవిడ చెంచాతో నీళ్ళు పోస్తే అవి చెంప మీదుగా కారిపోయాయి.

వదిన నా వైపు వేలు ఎత్తింది. చెవి దగ్గర పెట్టాను.

"నాకు... గొంతు లేస్తలేదు. నువ్వు అడుగు."

"నాకు ఆమెతోని మాటల్లేవు వదినా."

"ఇయ్యాళటికి... గుక్కెడు నీళ్ళు."

ఉప్పయితే దడి మీదుగా ఇవ్వొచ్చు. భుజాలయితే ఊళ్ళో ఉన్నాయి. ఇది ఊరు ఇచ్చేది కాదు. మా ఆవిడ చెంచా పట్టుకుని నా మొహం వైపు చూస్తోంది. లేచి వాకిట్లోకి పోయాను. వాన పడుతోంది. ఏం అనాలో తెలియక తిట్టే గొంతుతోనే అరిచాను.

"ఓ ముత్యాలమ్మా! నేనే. కొడుకును తీసుకుపోయినా నీ దిక్కే చూసింది ముసల్ది. గుక్కెడు నీళ్ళు దిగనియ్యి. ఇంకేం అడుగుతలేను, గుక్కెడు నీళ్ళు!"

అన్ని ఇళ్ళ తలుపుల్లో మనుషులు కనిపించారు. నేను తడుస్తూ లోపలికి వచ్చాను. వదిన పెదవి ఒక పక్కకు సాగింది. "గట్ల తిడితే... ఎవరిస్తర్రా" అంది. నన్ను ఆమె 'రా' కలిపి పిలవడం అదే మొదలు.

మా ఆవిడ ఇంకో చెంచా పోసింది. నీళ్ళు నోట్లో నిలబడ్డాయి. ముడతల మెడ మీద గొంతు ముడి నెమ్మదిగా పైకి లేచింది, ఒక క్షణం ఆగింది, కిందికి దిగింది.