జేజి తవ్విన తొమ్మిది గంపల గుంత

నా చిన్నప్పుడు మా జేజి తవ్విన ఒక గుంతను గురించి రాయాలని కూర్చున్నాను. నాయన తల్లిని మా కడప వైపు జేజి అంటాం. ఇన్నేళ్ల తర్వాత ఆ గుంత ఎందుకు గుర్తుకు వచ్చిందో తెలియాలంటే, ముందు నా నోటు పుస్తకంలోని నాలుగు తేదీలు చదవాలి. పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే ఎత్తి రాస్తున్నాను.

జనవరి 12. ఇంటామె కంటి ఆపరేషన్ కోసం కంపెనీ దగ్గర మూడు వందల దినార్లు అప్పు తీసుకున్నాను. సంతకం పెట్టాను.

మార్చి 3. నూట ఇరవై దినార్లు ఆఫీసులో నగదుగా తిరిగి కట్టాను. రసీదు ఇచ్చారు. మిగిలిన అప్పు నూట ఎనభై.

ఏప్రిల్ 1. జీతం చీటీలో నా అప్పు నాలుగు వందల ఇరవై అని ఉంది. నేను కట్టిన డబ్బును కొత్తగా తీసుకున్న అప్పుగా రాశారు. అడిగాను. దిద్దుతామన్నారు.

ఏప్రిల్ 20. దిద్దిన చీటీ ఇచ్చారు. అందులో అప్పు మూడు వందలు.

నేను ఈ పరాయి దేశంలో, సబ్హాన్ అనే చోట ఒక గోడౌన్‌కు స్టోర్ కీపర్‌ని. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఈసారి ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, రెన్యువల్ చేయించుకోవడం లేదు. గడువు ముగిసేలోగా ఇంటికి వెళ్లిపోతున్నాను. వెళ్లేటప్పుడు రావలసిన సర్వీసు డబ్బుల్లో నుంచి అప్పు పట్టుకుంటారు. నూట ఎనభై పట్టుకోవలసిన చోట మూడు వందలు పట్టుకుంటామని చెబుతున్నారు. ఒకసారి విమానం ఎక్కిన మనిషి మాట ఇక్కడ ఎవరికీ వినపడదు.

మా అకౌంటెంటు హైదరాబాదు అబ్బాయి. మర్యాద తెలిసినవాడు. దిద్దిన చీటీ నా చేతిలో పెట్టి, "అంకుల్, నూట ఇరవై తప్పు పడ్డది. ఆ నూట ఇరవై తీసేసిన. ఖలాస్. ఇంకేం కావాలె మీకు?" అన్నాడు. నేను చీటీని మళ్లీ ఒకసారి చదివాను. ఆ మాటను దాదాపు యాభై ఏళ్ల కిందట వేరొకరి నోట విని ఉన్నాను.

అప్పుడు నాకు పదేళ్లు. మాది మట్టిపని చేసుకునే కుటుంబం. ఎండాకాలం రాగానే ఒక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇల్లంతా కాలువ తవ్వకానికి తరలి వెళ్లేవాళ్లం. అప్పు తీరేవరకు మేస్త్రీ ఎక్కడికి రమ్మంటే అక్కడికి పోవలసిందే. ఆ యేడు మా అప్పు అరవై రూపాయలకు దిగింది. జేజి తన రెండు మేకలను అమ్మి ముప్పై రూపాయలు తెచ్చి కట్టింది. చివరి కొలత కూలితో మిగిలిన ముప్పై తీరిపోతుంది. బళ్లు తెరిచే నాటికి ఊరు చేరతాం, నేను నాలుగో తరగతిలో కూర్చుంటాను. ఇదీ లెక్క. పలక కూడా కడిగి పెట్టుకున్నాను.

ఆ వారం కూలి పంచే బటవాడా రోజున మేస్త్రీ పుస్తకంలోకి తొంగి చూసింది నేనే. మా నాయన పేరుకు ఎదురుగా తొంభై అని ఉంది. నాయనకు చెప్పాను. నాయన భయపడుతూ వెళ్లి అడిగాడు. మేస్త్రీ పుస్తకం చూసుకుని పెద్దగా నవ్వాడు.

"అవునబ్బా, మీ యమ్మ కట్టిన దుడ్లను మీరు తీసుకున్న దాంట్లో రాసినా. ముప్పై తప్పు పడింది, ఇదో, ముప్పై కొట్టేస్తిని. అరవై. సరిపాయె కదా?"

నాయన తల ఊపి వచ్చేశాడు. తప్పు పడినంతా కొట్టేశాక ఇంకేమి అడగాలో ఆయనకు తోచలేదు. నాకూ తోచలేదు. ఎక్కడో మోసం ఉందని తెలుస్తోంది, అదేమిటో పట్టుబడడం లేదు. పొయ్యి దగ్గర కూర్చున్న జేజి మాత్రం అంతా రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత పార తీసుకుని లేచింది.

ఇక్కడ మా పనిలోని ఒక పద్ధతి చెప్పాలి. కాలువ తవ్వేటప్పుడు నడిమధ్యలో కొంచెం నేలను ముట్టుకోకుండా దిబ్బలాగా వదిలేస్తాం. దాన్ని సాక్షి అనేవాళ్లం. చుట్టూ నేల ఎంత లోతుకు పోయినా, సాక్షి తల పాత నేల ఎక్కడ ఉండేదో చూపిస్తుంది. అక్కడి నుంచి కిందికి కొలిచి కూలి కడతారు. కొలత అయ్యేవరకు దాని జోలికి ఎవరూ పోరు.

జేజి మేస్త్రీ డేరా ముందర ఆరు గంపల మట్టి తవ్వి పోసి గుంత చేసింది. మధ్యలో చిన్న సాక్షిని వదిలింది. బటవాడాకు వచ్చిన కూలీలంతా చుట్టూ చేరారు. మేస్త్రీ కూడా లేచి వచ్చాడు.

"ఏందిమే ముసిల్దానా, నా డేరా కింద కాలువ తీస్తాండావా? దీనికీ కూలి అడగతావా ఏంది?"

"కూలి వద్దు సామీ. నాకు లెక్కలు రావు, గంపలు వస్తాయి. గంపకు పది రూపాయలనుకో. ఈ ఆరు గంపల గుంత మా అప్పు. ఇదో, దీన్ని పూడ్చేదానికి నేను మూడు గంపల మన్ను తెచ్చినా." అని మూడు గంపల మట్టిని గట్టు మీద విడిగా కుప్ప పెట్టింది. "నువ్వు ఈ మన్నుతో పూడ్చల్యా. ఇంగ మూడు గంపలు తవ్వినావు." మాట పూర్తి కాకముందే గుంతలో దిగి మూడు గంపలు తవ్వి ఇంకో పక్క పోసింది. గుంత తొమ్మిది గంపలయింది. "తప్పయిందని ఆ తవ్విన మూడే మళ్లా లోపల పోసినావు." ఆ మూడు గంపలు గుంతలోకి వంచింది. గుంత మళ్లీ ఆరు గంపల దగ్గర నిలిచింది.

ఆమె నడుము ఎత్తి, గట్టు మీద తాను మొదట పెట్టిన కుప్పను పారతో చూపించింది.

"మరి ఈ మూడు గంపలు యాడివి సామీ?"

ఆ కుప్ప అక్కడే ఉంది. అమ్మిన మేకలు రెండూ ఆ కుప్పలోనే ఉన్నాయని నాకు అనిపించింది. గుంతలో పడవలసింది గుంతలో నుంచి పైకి వస్తే, తప్పు మూడు గంపలు కాదు, రెండింతలు. మూడే వెనక్కి పోస్తే, ఏమీ కట్టని రోజుకు తిరిగి వచ్చినట్టు. రెండింతలు పోస్తేనే కట్టిన రోజుకు చేరేది.

"ఓయమ్మో, ఈ యమ్మను ఇంజనీరును చేయాల్సిండె!" అని మేస్త్రీ నవ్వాడు. కూలీలు నవ్వలేదు. అప్పుడు అతను గొంతు తగ్గించి, "సరేలేమ్మా, అర్థమాయె. మీ అప్పు ముప్పయ్యే. మళ్ల బటవాడాకు పుస్తకంలో దిద్దుతా" అన్నాడు. జేజి ఆ మూడు గంపలు తానే గుంతలో పోసి, పార కడుక్కుని వచ్చింది. ఆ రాత్రి మా నాయన చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

మూడో రోజు పెద్ద వాన పడింది. జేజి గుంత పూడి నేల చదునయింది. సాక్షి కరిగిపోయింది. మేస్త్రీ ఇంకో పనికి వెళ్లాడు. తర్వాతి బటవాడాకు అతని బామ్మర్ది పుస్తకం పట్టుకుని వచ్చాడు. "మా బావ ఏం చెప్పినాడో నాకు తెల్దు. పుస్తకంలో ఉండేది అరవై" అన్నాడు. చివరి కొలత కూలి ముప్పై పోగా, మేము ఇంకా ముప్పై బాకీ. బళ్లు తెరిచిన నాడు నేను మరో కాలువ గట్టు మీద మట్టి గంప ఎత్తుకుని ఉన్నాను. నా పలకను అమ్మ గంజి గిన్నె మీద మూతగా వాడుకుంది. ఆ యేడంతా నాకు బడి లేదు.

జేజి ఏడవలేదు, తిట్టలేదు. సంతకు పోయి ఒక నోటు పుస్తకం, పెన్సిలు కొనుక్కొచ్చి నా ఒడిలో పెట్టింది. "గుంత చెప్పింది నిజమే, అబ్బీ. వానకు పూడిపాయె. నీకు రాసేది వచ్చు కదా. ఎవురు ఏం చెప్పినా రాయి. రాసినంక వాళ్ల చేతిగుర్తు వేయించు." అక్షరం రాని మనిషి నాకు ఇచ్చిన మొదటి ఆస్తి అదే.

తర్వాత ఎప్పుడో బడిలో మా అయ్యవారు బోర్డు మీద గీత గీసి, మధ్యలో సున్నా పెట్టి, కుడివైపువి ధన సంఖ్యలు, ఎడమవైపువి ఋణ సంఖ్యలు అన్నారు. తరగతిలో అందరికంటే పెద్దవాణ్ణి నేను. ఋణాన్ని తీసివేస్తే కలిపినట్టే ఎందుకవుతుందో తోటి పిల్లలకు అంతుపట్టలేదు. నాకు ఆ సున్నా సాక్షి తలలా కనిపించింది. గుంతను తీసేయడమూ మట్టిని పోయడమూ ఒకటేనని నేను అంతకుముందే నా కళ్లతో చూసి ఉన్నాను.

ఇప్పుడు నా దగ్గర నలభై ఒక్క పుస్తకాలు ఉన్నాయి. షువైఖ్ రేవు నుంచి దిగిన ప్రతి పెట్టె, అందిన ప్రతి జీతం, ఆఫీసులో నాతో అన్న ప్రతి మాట వాటిలో ఉన్నాయి. "రేపు చూద్దాం అంకుల్" అన్నవి కూడా తేదీతో సహా ఉన్నాయి. నా గదిలోవాళ్లు ఎగతాళి చేస్తారు. చేయనీ. నూట ఇరవై దినార్లు పోతే నేను బతకలేనని కాదు. జేజి మూడు గంపలను రెండోసారి ఎవరో గట్టు మీద నుంచి ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేను.

అందుకే నిన్న మేనేజరు గారికి ఒక కాగితం ఇచ్చాను. రసీదు నకలు, రెండు జీతం చీటీల నకళ్లు జత చేశాను. అందినట్టు నా కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. దాని చివరి భాగం తెలుగులో ఇది:

"మార్చి 3న నేను కట్టిన నూట ఇరవై దినార్లు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి? అవి నా అప్పులో తగ్గి ఉంటే, అప్పు మూడు వందలు ఎలా అవుతుంది? తగ్గకపోతే, ఎందుకు తగ్గలేదు? నా ఇఖామా గడువు ముగిసేలోగా, కంపెనీ కాగితం మీద, తేదీ వేసి, సంతకంతో సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నోటి మాటను సమాధానంగా స్వీకరించను."